రోహిణి కార్తెలో మీగడ రంగు

ఎండాకాలం వచ్చిందంటే పొద్దున్నే నేను రెండిటి మీద చెయ్యి వేసి చూసేదాన్ని. ఒకటి షెడ్డులో నిలబెట్టిన కారు రేకు. రెండోది మా బావ వీపు. రేకు వేడెక్కిందో లేదో తెలియాలంటే అరచెయ్యి తిరగేసి ఆనించాలి, పిల్లలకి జ్వరం చూసినట్టు. బావ వీపు మీద చెయ్యి పెడితే లోపలి పిల్లికూతలు వేళ్ళకి తెలిసేవి. రేకు సంగతి చెబితే బుద్ధిగా వినేవాడు. వీపు సంగతి ఎత్తానా, "పొద్దున్నే నీకింకేం పని లేదటే?" అని కసిరేవాడు.

బావ అంటే మా మేనత్త కొడుకు, నా మొగుడు. "పెళ్ళయి ఇన్నాళ్ళయినా బావా బావా అంటావేమే, ఏమండీ అనలేవూ?" అని మా అత్త గొణిగేది. నాకు నోరు తిరగలేదు. ఏమండీ అని పిలిచాక ఇక తిట్టడం ఎలా కుదురుతుంది?

డెబ్బైల చివరలో నందిగామలో రోడ్డు పక్కన మాకొక రేకుల షెడ్డు ఉండేది. అది హైదరాబాదు, బెజవాడ మధ్య రోడ్డు. కార్లకీ జీపులకీ రంగు కొట్టేవాళ్ళం. అప్పుడప్పుడు ఏదైనా లారీ ముందుభాగం కూడా వచ్చేది. బావ బెజవాడలో పని నేర్చుకున్నాడు. రంగు చిమ్మే గన్ను పట్టడం ఆయన పని, తక్కినదంతా నాది. పుట్టీ ఆరాక నీళ్ళ కాగితంతో, అదే తడిపిన గరుకు కాగితంతో, నున్నగా రుద్దడం, అద్దాలకి పాత పేపర్లు అంటించడం, రంగు కలపడం, పాత చీర ముక్కలో వడగట్టడం. మొదట్లో చుట్టుపక్కల వాళ్ళు, ఆడమనిషికి షెడ్డులో పనేంటని మూతులు తిప్పుకున్నారు. తిప్పుకుంటే తిప్పుకున్నారు. వాళ్ళొచ్చి నా బదులు పుట్టీ రుద్దుతారా ఏం?

మా వైపు ఎండ సంగతి వేరే చెప్పక్కర్లేదు. రేడియోలో ఎండల గురించి చెప్పినప్పుడల్లా మా ఊరి పేరు వచ్చేది. అది విని సంబరపడే వాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండిపోయేది. వాళ్ళకేం, ఇళ్ళల్లో గోనెపట్టాలు తడిపి కట్టుకుని పడుకుంటారు. రంగు పని చేసేవాడికి తెలుస్తుంది ఎండంటే ఏంటో.

చలికాలంలో రంగు మాట వింటుంది. గన్నులోంచి సన్నటి తుంపరగా వెళ్ళి రేకు మీద పడుతుంది, తడిగా పాకి ఒకదాన్లో ఒకటి కలిసిపోతుంది, తర్వాత నింపాదిగా ఆరుతుంది. ఎండాకాలం ఆ తుంపర రేకుని చేరేలోపే గాల్లో ఆరిపోతుంది. అప్పుడు రేకు మీద పడేది రంగు కాదు, పొడి. చెయ్యి వేస్తే గరగరమంటుంది. పోనీ దట్టంగా కొడదామా అంటే పైపైన తోలు కట్టేస్తుంది. రంగు పలచనవడానికి కలిపిన తిన్నరు లోపల చిక్కుకుపోయి బయటికి రావాలని తన్నుకుని బుడగలు లేస్తాయి. అవి పగిలి సూదితో పొడిచినట్టు బెజ్జాలు పడతాయి. ఇక మొత్తం గీకేసి మళ్ళీ మొదటికి రావడమే.

అందుకని ఎండాకాలానికి మా పద్ధతులు మాకుండేవి. ఆలస్యంగా ఆరే తిన్నరు బెజవాడ నుంచి తెప్పించుకునేవాళ్ళం. దాన్ని ఎండాకాలం తిన్నరు అనేవాళ్ళం. రంగు ఒక పిసరు పలచగా కలిపేదాన్ని. బావ గాలి తగ్గించి, గన్ను రేకుకి దగ్గరగా జరిపి, చెయ్యి చకచకా ఆడించేవాడు. ఒక ఊపుకి పడ్డ పట్టీ తడి ఆరకముందే రెండోది దాని మీదికి సగం ఎక్కాలి. ఒక్క క్షణం ఆలస్యమైనా ఆ అంచు ఆరిపోయి గీత తేలుతుంది. దుమ్ము లేవకుండా నేను నేల మీద నీళ్ళు చల్లేదాన్ని. అదీ లెక్కగా చల్లాలి. చేతికొచ్చినట్టు గుమ్మరిస్తే చెమ్మకి రంగు మీద తెల్లగా మబ్బు కమ్ముకుంటుంది. జగ్గయ్యపేట వైపు నుంచి సున్నపురాయి లారీలు పోతూనే ఉంటాయి కాబట్టి తలుపులు మూసుకోవాలి. తెరిచి పెడితే ఆ దుమ్మంతా తడి రంగు మీదే.

ఇవన్నీ రంగుకి మంచివే. మనిషికో? ఆలస్యంగా ఆరే తిన్నరంటే ఆలస్యంగా పోయే వాసన. తలుపులు మూస్తే దుమ్ము రాదు, గాలి కూడా రాదు. గన్ను దగ్గరగా పెడితే రేకుకి తగిలి వెనక్కొచ్చే పొగ సూటిగా మొహంలోకే వస్తుంది. ముక్కుకి తడి తువ్వాలు చుట్టుకోవడం తప్ప ఆ రోజుల్లో మాకు వేరే రక్షణ తెలీదు. బాగా మాగిన అరటిపండు వాసనలా తియ్యగా ఉండేది ఆ పొగ. తియ్యగా ఉండి గొంతు కోసేది. రంగుకి ఏది మేలు చేస్తే అదే మా బావ ఊపిరి తీస్తోందని నాకు తెలుసు. ఆయనకీ తెలుసు. తెలిసీ పట్టించుకోని మనిషితో ఏం వేగుతాం చెప్పండి?

దగ్గు మొదలై చాలాకాలం అయింది. మెట్లెక్కితే ఆయాసం, వంగితే ఆయాసం. ఒకరోజు నీళ్ళ బిందె ఎత్తి పక్కన పెట్టి, స్తంభం పట్టుకుని నిలబడిపోయాడు. అప్పుడిక నేను నెత్తీ నోరూ బాదుకుని బెజవాడ తీసుకెళ్ళాను. డాక్టరు ఛాతీ ఫొటో తీయించి, వెలుతురుకి ఎత్తి పట్టుకుని చూసి, మెల్లిగానే చెప్పాడు. గన్ను పట్టడం మానెయ్యాలి. మానకపోతే తర్వాత ఏ మందూ పనిచెయ్యదు.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో కంచికచర్ల దాకా నిలబడే వచ్చాం. అక్కడ జనం దిగి కాస్త చోటు దొరికాక బావ అన్నాడు, "ఆయన సూది పట్టుకోడం మానేస్తాడా? నాకు మాత్రం మానమని చెప్తాడు."

"ఆయన సూది ఆయన ఒంట్లో గుచ్చుకోట్లేదు కదా బావా! నువ్వు పోతే నేనేం చేయాలి? ఆ గన్ను పెట్టుకుని ఊరేగనా?"

కాస్త గట్టిగానే అన్నట్టున్నాను. బస్సులో వాళ్ళంతా వెనక్కి తిరిగి చూశారు. బావ సిగ్గుపడి కిటికీలోంచి పొలాలు చూస్తూ కూర్చున్నాడు. నాకేం సిగ్గనిపించలేదు. భయమేసింది. మా ఇద్దరి మధ్యా అంతకాలం పైకి రాకుండా తిరిగిన ఆ చావు మాటని నేనే నోటితో అనేశానే అని.

ఇంటికొచ్చాక రాజీకి వచ్చాం. మొత్తం మానెయ్యమంటే మానడు కాబట్టి నేనే ఒక దారి చూశాను. తెల్లవారుజామునే, తూర్పు తెల్లబడీ తెల్లబడకముందు కొట్టాలి. అప్పుడు రేకు చల్లగా ఉంటుంది. గాలి ఉండదు, లారీలు తక్కువ, దుమ్ము లేవదు. రెండు వైపులా తలుపులు బార్లా తెరిచి కొట్టొచ్చు. ఎండాకాలం తిన్నరు కూడా సగం చాలు. ఎండెక్కాక గన్ను ముట్టుకోకూడదు. ఎవరొచ్చినా, ఎంత తొందరైనా సరే. బావ నా చేతిలో చెయ్యి వేసి ఒప్పుకున్నాడు. ఆ పద్ధతి రంగుకి కూడా నచ్చినట్టుంది, పని ఎప్పటికన్నా బాగా వచ్చింది. బావ దగ్గూ తగ్గింది. చిత్రంగా రంగుకీ మనిషికీ ఒకేసారి మంచి జరిగిందని నేను మురిసిపోయాను. చైత్రం, వైశాఖం అలాగే గడిచిపోయాయి.

రోహిణి కార్తె వచ్చింది. జగ్గయ్యపేట నుంచి ఒక షావుకారు గారు వచ్చారు. మిర్చి, అపరాల వ్యాపారం. మంచి మనిషి, మెత్తటి మనిషి. ఆయన మీద నాకు అప్పుడూ కోపం లేదు, ఇప్పుడూ లేదు. జీవితంలో మొదటిసారి కారు కొనుక్కున్నారు. అది హైదరాబాదులో ఎవరో వాడి అమ్మేసిన నల్ల కారు. నలుపు ఇంటికి అచ్చిరాదని వాళ్ళ పురోహితుడు చెప్పాడట. మీగడ రంగు వేయించమన్నాడట. అంతవరకూ బానే ఉంది.

"కొత్త రంగు మొదలుపెట్టడానికి ముహూర్తం కూడా పెట్టించాను నాయనా. అభిజిత్ లగ్నం. దివ్యంగా ఉందన్నారు" అన్నారు షావుకారు గారు.

అభిజిత్ లగ్నం అంటే మిట్టమధ్యాహ్నం. రోహిణి కార్తెలో, మా ఊళ్ళో, రేకుల షెడ్డులో మిట్టమధ్యాహ్నం! పుట్టీ చేతులతోనే ముందుకొచ్చాను.

"అప్పుడు కుదరదండీ షావుకారు గారూ. ఎండలో రంగు పొడైపోద్ది. తెల్లారుజామున ముహూర్తం ఏదన్నా చూడమనండి."

"ఈ నెలలో ఇంకోటి లేదన్నారమ్మా. తర్వాత మూఢం వస్తుందట" అన్నారాయన దిగులుగా.

నేను బావ వైపు చూశాను. నోరు విప్పి కాదనాల్సిన మనిషి నేల చూపులు చూస్తున్నాడు. వెధవ మొహమాటం! నా దగ్గర ఒంటికాలి మీద లేచే మనిషి ఎదుటివాళ్ళ దగ్గర మాత్రం వెన్నముద్ద. "చూద్దాంలెండి" అన్నాడు చివరికి. బావ నోట్లోంచి 'చూద్దాం' అని వచ్చిందంటే ఒప్పేసుకున్నట్టే.

ఆయన వెళ్ళాక నేను వేసిన కేకలు ఇక్కడ రాయలేను. చేతిలో చెయ్యి వేసి ఏం ఒప్పుకున్నావని అడిగాను. నా మీద ఒట్టేసుకోమన్నాను. అన్నం తిననని కూర్చున్నాను. బావ మాత్రం "పాపం, మొదటి కారే ఆయనకి" అంటాడు. ఆయనకి మొదటి కారైతే నాకు ఒక్కడే మొగుడు అన్నాను. దానికి నవ్వాడు, నవ్వి దగ్గాడు.

ఆ దగ్గు విన్నాకే నాకు ఆలోచన వచ్చింది. మంచిరోజున బయల్దేరడం కుదరకపోతే మావాళ్ళు ప్రస్థానం పెడతారు. అంటే, ముహూర్తం వేళకి బట్టల సంచి తీసుకెళ్ళి పక్కింట్లో పెట్టేస్తారు. ప్రయాణం మొదలైపోయినట్టే. మనిషి తనకి వీలైనప్పుడు వెళ్ళి ఆ సంచి తీసుకుని బయల్దేరతాడు. ప్రయాణానికి చెల్లేది రంగుకి ఎందుకు చెల్లదు? ముహూర్తం వేళకి డిక్కీ మూత మీద ఒక అరచేతి మేర రంగు కొట్టేస్తే సరి. మొదలుపెట్టినట్టే. మిగిలిన కారంతా మర్నాడు తెల్లవారుజామున నింపాదిగా కొట్టుకోవచ్చు.

మర్నాడే బస్సెక్కి జగ్గయ్యపేట వెళ్ళి షావుకారు గారితో ఈ మాట చెప్పాను. పురోహితుడూ అక్కడే ఉన్నాడు. ఆయన ఒక్క క్షణం ఆలోచించి, "శుభ్రంగా చెల్లుతుంది" అన్నాడు. షావుకారు గారు "ఎంత తెలివమ్మా నీది!" అని మెచ్చుకుని, వాళ్ళావిడ చేత నాకు మజ్జిగ ఇప్పించారు. గొంతులో పడ్డ ఆ చల్లదనం ఇప్పటికీ గుర్తుంది. చిల్లకల్లు దాటేదాకా బస్సులో నాలో నేనే నవ్వుకుంటూ వచ్చాను. గెలిచాననుకున్నాను.

ముహూర్తం రోజు షావుకారు గారూ, పురోహితుడూ వచ్చారు. కారుకి పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టారు. బయట నిప్పులు కురుస్తున్నాయి. షెడ్డు లోపల పొయ్యిలో కూర్చున్నట్టుంది. డిక్కీ మూత మీద చెయ్యి పెడితే చురుక్కుమంది. నేను తలుపులు రెండూ బార్లా తెరిచి పెట్టాను. పురోహితుడు ఇక కానివ్వమన్నాడు. బావ గన్ను తీసుకుని డిక్కీ మూత మీద అరచేతి మేర, పోనీ రెండరచేతుల మేర, మీగడ రంగు కొట్టాడు. అయిపోయింది. నేను ఊపిరి పీల్చుకున్నాను.

అప్పుడు షావుకారు గారు ఆ చోట వేలితో మెల్లిగా నిమిరారు. పసిబిడ్డ బుగ్గని తడిమినట్టు ముచ్చటగా నిమిరారు.

"కొంచెం గరుగ్గా ఉన్నట్టుందేం నాయనా?" అన్నారు.

ఉండదూ మరి! తలుపులు తెరిచి ఉన్నాయి, రేకు కాలిపోతోంది, మామూలు తిన్నరుతో కొట్టాడు. అది పొడిగా రాకపోతేనే వింత. రేపు గీకేసి మళ్ళీ కొట్టేదే కదా. ఆ ముక్కే చెప్పాను. "ఇది ప్రస్థానం మాత్రమేనండీ, రేపు చూడండి ఎలా ఉంటుందో" అన్నాను. ఆయన "సరేనమ్మా, సరే" అన్నారు. మనసులో ఏమీ పెట్టుకోలేదు. కానీ బావ మొహం నేను చూశాను. ఆ మొహం మాడిపోయింది. అంతకాలం ఆయన చేసిన పనిని ఎవరూ గరుకు అనలేదు. నేనక్కడే కనిపెట్టుకుని ఉండాల్సింది, కానీ వచ్చినవాళ్ళని బస్సెక్కించకుండా ఎలా ఉంటాం? గొడుగు పట్టుకుని వాళ్ళతో రోడ్డు దాకా వెళ్ళాను. బస్సు వచ్చేదాకా నిలబడ్డాను.

తిరిగొచ్చేసరికి షెడ్డు తలుపులు మూసి ఉన్నాయి. లోపల గడియ పడింది. గన్నుకి గాలి కొట్టే కంప్రెషర్ ఆడుతోంది.

"బావా!" అన్నాను. "బావా, తలుపు తియ్!"

లోపల గన్ను బుస్సుమంటూనే ఉంది. గడప కిందనుంచి నీళ్ళు బయటికి పారుతున్నాయి. నేల తడిపాడన్నమాట. తియ్యటి వాసన గుప్పుమని కొట్టింది. ఎండాకాలం తిన్నరు, అదీ దండిగా కలిపాడు. రేకుల సందులో కన్ను పెట్టి చూశాను. కుడివైపు ముందు మడ్‌గార్డు అయిపోయింది, ముందు డోరు అయిపోయింది. వెనక డోరు మీద పట్టీ తర్వాత పట్టీ వేసుకుంటూ పోతున్నాడు. పొగలో బావ నడుం దాకా కనబడుతున్నాడు, తల కనబడటం లేదు.

కంప్రెషర్ షెడ్డు బయటే, తాటాకు చూరు కింద ఉండేది. దాని స్విచ్చి నా భుజం పక్కనే ఉంది. చెయ్యి వేశాను. నొక్కితే గాలి ఆగిపోతుంది, గన్ను ఆగిపోతుంది, బావ చచ్చినట్టు బయటికి వస్తాడు. నొక్కాలి. వేలు స్విచ్చి మీద ఉంది.

నొక్కలేకపోయాను. ఎందుకో చెప్తాను. సగం డోరు మీద రంగు ఆగిపోతే ఆ ఎండకి అంచు కన్ను మూసి తెరిచేలోపు ఆరిపోతుంది. గీత తేలుతుంది. ఆ గీతని బావ బతికుండగా ఉండనివ్వడు. సాయంత్రమో రేపు మధ్యాహ్నమో నా కళ్ళుగప్పి ఆ వైపంతా గీకి, మళ్ళీ ఈ తలుపులన్నీ మూసుకుని, ఈ పొగంతా ఇంకోసారి పీలుస్తాడు. మిగిలింది సగం డోరూ వెనక మడ్‌గార్డూ. ఇప్పుడాపితే రెండు పొగలు, ఆపకపోతే ఒకటి. మొగుడి ఊపిరిని అలా బేరం ఆడుకోవాల్సి వచ్చింది నాకు. స్విచ్చి మీద వేలు పెట్టుకుని, రేకుల సందులోంచి చూస్తూ, "తొందరగా బావా, తొందరగా కొట్టు" అని లోపల్లోపల ఏడ్చాను. నాకు తెలిసిన దేవుళ్ళందర్నీ తిట్టాను. ఆ ముహూర్తాన్నీ, ఆ పురోహితుణ్ణీ, ప్రస్థానం ఆలోచన వచ్చిన నా బుర్రనీ తిట్టాను.

చప్పుడు ఆగింది. కాసేపటికి గడియ తీసిన చప్పుడైంది. బావ తలుపు తోసుకుని వచ్చి గడప మీద కూర్చున్నాడు. తువ్వాలు మెడ మీదికి జారిపోయి ఉంది, ఎప్పుడు జారిందో ఏమో. పెదాలు నేరేడుపండు తిన్నట్టున్నాయి. గాలి పీలుస్తున్నాడు కానీ లోపలికి పోవట్లేదు. నా చెయ్యి పట్టుకున్నాడు. ఆ పట్టు చూసి నాకు అర్థమైంది, ఈ మనిషి భయపడుతున్నాడని. అంతవరకూ బావ భయపడగా నేను చూడలేదు.

ఎదురుగా టీ కొట్టాయన పరిగెత్తుకొచ్చాడు. రోడ్డుకి అడ్డంగా నిలబడి బెజవాడ పోయే లారీ ఆపాడు. డ్రైవరు పక్కన బావని ఒళ్ళో పడుకోబెట్టుకుని కూర్చున్నాను. ఆ దారంతా ఆయన వీపు మీద చెయ్యి పెట్టే ఉంచాను. పిల్లికూత వినబడితే ఇంకా ఉన్నాడని ధైర్యం. అంతకాలం ఏ కూత విని భయపడ్డానో ఆ రోజు దాని కోసమే చెవులు రిక్కించాను.

ఆసుపత్రిలో ముక్కుకి గొట్టం పెట్టారు. మర్నాటికి కాస్త తేరుకున్నాడు. కళ్ళు తెరిచి, నన్ను చూసి, మొట్టమొదట అడిగిన మాట, "ఎలా వచ్చింది?"

"నీ రంగు తగలెయ్య!" అన్నాను. పక్క మంచాల వాళ్ళు ఉలిక్కిపడ్డారు. "నువ్వు బతికావు. అలా వచ్చింది."

డాక్టరు ఈసారి మెల్లిగా చెప్పలేదు. ఇంకోసారి ఇలా అయితే ఇక్కడిదాకా తీసుకురావడం ఉండదన్నాడు.

ఇంటికొచ్చాక షెడ్డు తలుపు తీసి కారు చూశాను. నిజం చెప్పాలి కాబట్టి చెప్తున్నాను. అంత గొప్ప పని బావ చేతిలో అంతకుముందెప్పుడూ చూడలేదు. రంగు, గిన్నెలో మీగడ పేరుకున్నట్టు నున్నగా ఉంది. ఆ కుడివైపులో నా మొహం కనబడింది. జుట్టు రేగి, కళ్ళు వాచి, దయ్యంలా ఉన్నాను. ఆ నునుపు చూసి నాకు అసహ్యమేసింది. కాళ్ళతో తన్నాలనిపించింది.

ఇంకా ఎడంవైపూ, పైకప్పూ, ముందూ వెనకా మిగిలే ఉన్నాయి. బావ మంచం మీంచే లెక్కలు వేసుకోవడం మొదలుపెట్టాడు. "వేరే వాళ్ళ చెయ్యి కలవదే. తెల్లారుజామున... తలుపులు తీసి... రోజుకో డోరు..." మాటకీ మాటకీ మధ్య ఆగి ఊపిరి తీసుకుంటున్నాడు.

"నేను కొడతా" అన్నాను.

బావ నవ్వబోయి దగ్గాడు. అడుగుపూత ప్రైమరు నేనూ కొట్టేదాన్ని, అది ఎలా పడ్డా పర్లేదు కాబట్టి. పైరంగు నా చేతికి ఎప్పుడూ ఇవ్వలేదు.

"నీ వల్ల కాదు" అన్నాడు.

"నా వల్ల కాకపోతే ఆ కారు అలాగే రెండు రంగులతో తిరుగుద్ది. నువ్వు ఆ గన్ను ముట్టుకున్నావంటే పైపు కత్తితో కోసేస్తా. కోస్తానో లేదో నీకు తెలుసు."

తెలుసు కాబట్టి ఊరుకున్నాడు.

తెల్లవారుజామున రెండు తలుపులూ తెరిచి, మూతికి తడి తువ్వాలు చుట్టుకుని మొదలుపెట్టాను. బావని బయట, గాలి అటునుంచి వచ్చే వైపు స్టూలు వేసి కూర్చోబెట్టాను. అక్కణ్ణించే చెయ్యి ఊపి చెప్పేవాడు, దగ్గరికి జరుపు, దూరం పో, ఆపకు. మాట్లాడే ఓపిక లేక చేత్తోనే. ఒకచోట ఆలస్యమైంది, ఒకచోట తొందరపడ్డాను. సూర్యుడు రేకు మీదికి వచ్చేలోపు రోజుకి కొంచెం చొప్పున మొత్తం పూర్తిచేశాను. ఎడంవైపు చూస్తే కమలాపండు తొక్కలా సన్నటి గుంటలు. వెనక డోరు కింద, పిడి పక్కన, రంగు ఎక్కువై కన్నీటి చారలా కారింది.

షావుకారు గారు వచ్చారు. బావని చూసి కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. కారు చుట్టూ తిరిగి "లక్ష్మీకళ వచ్చింది" అన్నారు. పాపం, ఆయనకి కుడివైపుకీ ఎడంవైపుకీ తేడా తెలియలేదు. సాయంత్రం డ్రైవరుని తీసుకొస్తానని వెళ్ళారు.

అప్పుడు బావ స్టూలు మీంచి లేచి, గోడ పట్టుకుని, మెల్లిగా ఎడంవైపు వచ్చాడు. వేళ్ళు ఆనించి ముందు మడ్‌గార్డు నుంచి వెనక్కి నిమురుకుంటూ వస్తున్నాడు. నేను తిట్లకి సిద్ధంగా నిలబడ్డాను. ఎదురు ఏం అనాలో కూడా నోట్లో పెట్టుకున్నాను. చీమ కాలంత నలుసు కనబడితే డోరు డోరంతా నా చేత గీకించిన మనిషి. నేను ఏడ్చినా, అలిగినా, ఎవరికీ కనబడదని మొత్తుకున్నా, నాకు కనబడుతోంది కదా అని గీకించిన మనిషి. వెనక డోరు దగ్గర, ఆ చార మీద, ఆయన వేళ్ళు ఆగాయి.

"బానే ఉంది" అన్నాడు. "ఇచ్చెయ్."

"అక్కడ కారింది బావా."

"కనబడదులే."

గన్ను వదిలెయ్యమని ఎన్నాళ్ళు బతిమాలాను, ఎన్ని మొక్కులు మొక్కాను! వదిలేశాడు. నేను అడిగింది అదే. కానీ కారిన రంగు మీద చెయ్యి పెట్టి కనబడదులే అన్న ఈ మనిషిని నేనెప్పుడూ అడగలేదు. ఊపిరి మిగిలితే చాలనుకున్నాను. ఆయనలో ఇంకేదో పోతుందని, అది పోతే నాకు ఇంత దుఃఖం వస్తుందని అనుకోలేదు. షెడ్డు వెనక్కి పోయి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను.

మొహం కడుక్కుని తిరిగొచ్చాను. నీళ్ళ కాగితం ముక్క తడిపి, ఆ చార దగ్గర గొంతుక్కూర్చుని రుద్దడం మొదలుపెట్టాను.

"ఎందుకే ఇప్పుడు? సాయంత్రం వస్తారుగా" అన్నాడు బావ.

"రేపు రమ్మందాం. నాకు కనబడుతోంది."

కాసేపటికి స్టూలు ఈడ్చుకుంటున్న చప్పుడైంది. తెచ్చి నా పక్కనే వేసుకుని కూర్చున్నాడు. ఊపిరి కూడదీసుకుని, "అంత గట్టిగా నొక్కుతావేమే" అన్నాడు. "రేకు తేలిపోద్ది."